మానవ విలువలకు అనుగుణమైన కృత్రిమ మేధ: మీ శాఖ ముందుగా అడగవలసినది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీ శాఖలో సంక్షేమ పథకాల అర్హులను తేల్చడానికి కృత్రిమ మేధతో నడిచే వ్యవస్థ రాబోతోంది. అది మానవ విలువలకు అనుగుణంగా, ప్రజాప్రయోజనం కోసం తయారైందని సరఫరా చేసే కంపెనీ మీ సమావేశంలో చెప్పింది. యంత్రానికి మన విలువలు నేర్పడం అసలు సాధ్యమేనా, నేర్పితే ఎవరి విలువలు నేర్పుతారు, నేర్పారో లేదో సాంకేతిక చదువు లేని ఉద్యోగి ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లు వేర్వేరు శాఖల రికార్డులను జోడించే వ్యవస్థల మీద పనిచేశాను. ఇప్పుడు తెలుగులో జవాబులిచ్చే కృత్రిమ మేధ మోడళ్లను పరీక్షించే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

సూటిగా చెబితే, కొంతవరకు సాధ్యమే. అయితే కంపెనీ చెప్పిన ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులు కలగలిసి ఉన్నాయి. తయారుచేసినవారు కోరిన పనినే యంత్రం చేసేలా చూడటం మొదటిది. వారు కోరిన ఆ పని ప్రజలకు మేలు చేసేదిగా ఉండేలా చూడటం రెండోది. మొదటిది ఇంజనీర్ల పని; దానికి పద్ధతులున్నాయి, వాటిలో లోపాలూ ఉన్నాయి. రెండోదాన్ని ఇంజనీర్లు తమ గదిలో కూర్చుని తేల్చలేరు, తేల్చకూడదు కూడా. ప్రభుత్వ వ్యవస్థల్లో ఇప్పటివరకు సామాన్యులకు జరిగిన పెద్ద నష్టాలు చాలావరకు ఈ రెండో చోటే జరిగాయి. అందువల్ల మీరు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: వ్యవస్థ పొరబడితే ఆ భారం ఎవరి మీద పడుతుంది, పొరబడిన సంగతి వారికి తెలుస్తుందా, వారు వచ్చి చెప్పుకుంటే నిర్ణయం మారుతుందా? ఈ మూడింటికీ రాతపూర్వకమైన జవాబు లేని వ్యవస్థ ఎంత కచ్చితంగా పనిచేసినా దాన్ని ప్రజాప్రయోజన వ్యవస్థ అని నేను అనను.

యంత్రానికి విలువలు ఉండవు, లక్ష్యం ఉంటుంది. ఆ లక్ష్యాన్ని అంకెల్లో చెప్పాలి. మనకు నిజంగా కావలసినది మాత్రం చాలాసార్లు అంకెల్లోకి రాదు కాబట్టి, దానికి దగ్గరగా ఉందని మనం అనుకునే మరొకదాన్ని కొలిచి యంత్రానికి ఇస్తాం. యంత్రానికి అప్పగించే ఉద్దేశం మనం నిజంగా కోరుకునేదేనా అన్నది ముందే నిర్ధారించుకోవాలని గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఎంత నిజమో చూపే ఉదాహరణ 2019 అక్టోబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పట్లో అమెరికా ఆసుపత్రులలో విస్తృతంగా వాడిన ఒక అల్గారిదమ్ (లెక్కగట్టి నిర్ణయాన్ని సూచించే ప్రోగ్రామ్), రోగులలో అదనపు సంరక్షణ ఎవరికి అవసరమో గుర్తించాలి. అవసరాన్ని నేరుగా కొలవడం కష్టం కనుక, రానున్న రోజుల్లో ఆ రోగి వైద్యానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసి దాన్నే అవసరంగా లెక్కించారు. జబ్బు తీవ్రత ఒకటే అయినా నల్లజాతి రోగుల మీద అక్కడి వ్యవస్థ తక్కువ ఖర్చు పెట్టేది. దాంతో వారు తక్కువ అవసరం ఉన్నవారిగా లెక్కకు వచ్చారు. ఈ పక్షపాతాన్ని సరిచేస్తే అదనపు సంరక్షణకు ఎంపికయ్యేవారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని ఆ అధ్యయనం చేసిన ఒబెర్‌మేయర్ బృందం లెక్కగట్టింది. ఆ అల్గారిదమ్‌కు రోగి జాతి ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఖర్చును అంచనా వేయమన్నారు, అది ఖర్చును బాగానే అంచనా వేసింది. మొదటి పని సవ్యంగా జరిగి రెండో పని దెబ్బతినడమంటే ఇదే.

మీ శాఖకు దీనికన్నా దగ్గరి ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి వివరాలతో పోల్చి ఒకే మనిషికి చెందినవాటిని జోడిస్తుంది. వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్ల వంటి రికార్డుల ఆధారంగా ఒక కుటుంబం ఆహార భద్రతా కార్డుకు అర్హమా కాదా అన్న నిర్ణయానికి దాన్ని వాడారు. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. రద్దుకు ముందు నోటీసు ఇవ్వలేదన్న పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2022లో, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. అలా వచ్చిన దరఖాస్తుల్లో పరిశీలన పూర్తయిన 2,05,734లో 15,471 మంది అర్హులేనని తేలింది, అంటే నూటికి ఏడున్నర. రిక్షా తొక్కి బతికిన ఒక వ్యక్తిని, దాదాపు అదే పేరున్న కారు యజమానిగా వ్యవస్థ పొరబడటంతో అతని కుటుంబం రేషన్‌కు దూరమైన ఉదంతం పత్రికల్లో వచ్చింది. ఏడున్నర శాతం కాగితం మీద చిన్న అంకెలాగే కనిపిస్తుంది. ఆ 15,471 దరఖాస్తుల్లో ప్రతిదాని వెనుక రేషన్ దుకాణం నుంచి ఖాళీ సంచితో వెనుదిరిగిన కుటుంబం ఉందని మాత్రం మరవకూడదు.

ఈ జోడింపు లోపల ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే విలువల ప్రశ్న అంతా అక్కడే దాగి ఉంది. ఒక రికార్డులో "కె. లక్ష్మి, భర్త వెంకటేశ్వర్లు, ఇంటి నంబరు 4-17" అని ఉంటుంది. మరో శాఖ రికార్డులో "కొండపల్లి లక్ష్మి, భర్త వెంకటేశ్వరరావు, ఇంటి నంబరు 4-17/ఎ" అని ఉంటుంది. ఇద్దరూ ఒకరేనా? మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిపేరు. అదే పేరు ఇంగ్లిషులోకి ఎక్కినప్పుడు నాలుగైదు స్పెల్లింగులు. పెళ్లయిన ఆడపిల్లకు ఒక రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, మరో రికార్డులో అత్తింటిది. యంత్రం ఈ రెండు రికార్డుల పోలికకు 0.86 అని మార్కు వేస్తుందనుకుందాం. 0.85 దాటితే ఒకే మనిషి అని ఎవరో ముందే నిర్ణయించి ఉంటే, రెండో లక్ష్మి పేరిట ఉన్న ట్రాక్టరు మొదటి లక్ష్మి ఖాతాలో పడుతుంది, ఆమె పింఛను ఆగిపోతుంది. హద్దును 0.95కు జరిపితే ఆమె పింఛను నిలుస్తుంది; దాంతోపాటు అర్హత లేని కొందరూ జాబితాలో మిగిలిపోతారు.

ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపించే నైతిక ప్రశ్న. అనర్హుడికి పింఛను అందితే ప్రభుత్వానికి కొంత డబ్బు నష్టం. అర్హురాలైన ఒంటరి వృద్ధురాలికి మూడు నెలలు ఆగితే ఆమెకు మందులు నష్టం, కొన్నిసార్లు భోజనమే నష్టం. ఈ రెండు తప్పులకూ ఒకే బరువు వేయడమంటే అప్పటికే ఒక పక్షం తీసుకున్నట్టు. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువచోట్ల ఆ హద్దు మీద చర్చే జరగలేదు. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చిన అంకెనే అలాగే ఉంచారు, లేదా ఎంత సొమ్ము ఆదా అయిందో నివేదికలో బాగా కనిపించేలా జరిపారు. మీ కంపెనీని ముందుగా ఈ అంకె అడగండి, దాన్ని ఎవరు, ఏ ప్రాతిపదికన నిర్ణయించారో కూడా అడగండి. జవాబు రాకపోతే వారు చెప్పిన మానవ విలువల మాటకు ఆధారం లేదన్నమాట.

మీరు అడిగిన "ఎవరి విలువలు" అన్న ప్రశ్న దగ్గరికి వస్తే, అందరూ ఒప్పుకునే న్యాయాన్ని యంత్రంలో పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. గణితమే దానికి అడ్డు చెప్పింది. నిందితులు మళ్లీ నేరం చేసే అవకాశాన్ని అంచనా వేసే కంపాస్ అనే వ్యవస్థ మీద 2016లో అమెరికాలో పెద్ద వివాదం వచ్చింది. తర్వాత ఏ నేరమూ చేయని వారిలో చూస్తే, తెల్లవారికన్నా నల్లజాతివారిని ప్రమాదకరమని పొరపాటుగా ముద్ర వేయడం దాదాపు రెట్టింపుగా ఉందని ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ చూపింది. ఒకే మార్కు వచ్చినవారు ఏ జాతివారైనా దాదాపు ఒకే రేటులో మళ్లీ నేరం చేస్తున్నారు, కాబట్టి వ్యవస్థ న్యాయంగానే ఉందని దాన్ని తయారుచేసిన కంపెనీ బదులిచ్చింది. రెండు వాదనలూ తమ లెక్కలో నిజమే. రెండు వర్గాల మూలరేట్లు, అంటే ఒక్కో వర్గంలో నిజంగా మళ్లీ నేరం చేసేవారి శాతాలు, వేరుగా ఉన్నప్పుడు, అంచనా నూటికి నూరుపాళ్లు సరైనదైతే తప్ప, ఈ రెండు రకాల న్యాయాలనూ ఒకేసారి సాధించలేమని పరిశోధకులు ఆ తర్వాత నిరూపించారు. అంటే ఏదో ఒక న్యాయాన్ని ఎంచుకోక తప్పదు. ఎంచుకునే హక్కు ఎవరిదన్నది రాజ్యాంగం, చట్టసభ, గ్రామసభ తేల్చవలసిన విషయం. దాన్ని టెండరు దక్కించుకున్న సంస్థకు వదిలేయకూడదు.

ప్రశ్నలకు జవాబులిచ్చే భాషా మోడళ్ల సంగతి కొంత వేరు. వాటికి విలువలు నేర్పడానికి ఎక్కువగా వాడే పద్ధతికి 2017లో వచ్చిన పరిశోధన పునాది వేసింది. మోడల్ ఇచ్చిన రెండు జవాబులను మనుషుల ముందు పెట్టి ఏది మెరుగో అడుగుతారు. అలాంటి వేల ఎంపికల నుంచి మనుషులకు ఏది నచ్చుతుందో ఊహించే మరో మోడల్‌ను తయారుచేసి, దాని మెప్పు పొందేలా అసలు మోడల్‌కు శిక్షణ ఇస్తారు. పద్ధతి పనిచేస్తుంది, సందేహం లేదు. బూతులు, హింసకు సలహాలు బాగా తగ్గాయి. కానీ ఇక్కడ కూడా మనం కొలిచేది మనిషికి నచ్చడాన్నే, మనిషికి జరిగే మేలును కాదు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన చాట్‌జీపీటీలో చేసిన ఒక మార్పును కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. ఆ మోడల్ వాడేవారిని మితిమీరి పొగుడుతూ, వారు ఏమన్నా అవునంటోందని సంస్థే ఒప్పుకుంది.

తెలుగులో దీని రూపం నేను రోజూ చూస్తుంటాను. ఒక పరీక్షలో రైతు అడిగినట్టుగా "మిరపలో తామర పురుగుకు ఎకరాకు ఎంత మందు కొట్టాలి?" అన్న ప్రశ్న ఇచ్చాం. ఒక జవాబు చక్కని తెలుగులో, మూడు పేరాల్లో, ఎంతో నమ్మకంగా ఉంది. కానీ అందులోని మోతాదు హెక్టారు లెక్క. మరో జవాబు నాలుగు వాక్యాలే: పంట వయసు ఎంత, ఏ మందు కొన్నారు అని అడిగి, డబ్బా మీది మోతాదు హెక్టారుకా ఎకరాకా చూసుకోమని, మండల వ్యవసాయ అధికారిని సంప్రదించమని చెప్పింది. జవాబులకు మార్కులు వేసేవారిలో ఎక్కువమంది మొదటిదాన్నే ఎంచుకున్నారు. వారు చదువుకున్న, శ్రద్ధగల మనుషులే. పొలం పని తెలియదు, అంతే. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఆ జవాబు విన్న రైతు రెండున్నర రెట్లు మందు కొడతాడు. అప్పటినుంచి వ్యవసాయ ప్రశ్నలకు మార్కులు వేసే బృందంలో వ్యవసాయం చదివినవారు లేదా చేసేవారు ఉండాలని నేను పట్టుబడుతున్నాను. విలువలు నేర్పేది ఎవరన్న ప్రశ్నకు ఆచరణలో జవాబు ఇదే: మార్కులు వేసే కుర్చీలో కూర్చున్న మనిషి విలువలే మోడల్‌లోకి వెళ్తాయి. మోడల్ పాటించవలసిన నియమాలను జనాన్నే అడిగి రాయాలన్న ప్రయత్నాలు కూడా జరిగాయి. అలాంటి మోడళ్లను తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ 2023లో సుమారు వెయ్యి మంది అమెరికన్ల అభిప్రాయాలతో అలాంటి ప్రయోగం చేసింది. దిశ మంచిదే. కానీ అలాంటిది తెలుగు నేలమీద, కౌలు రైతులనూ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లనూ అడిగి జరిగితే వచ్చే నియమాలు వేరుగా ఉంటాయని నా నమ్మకం.

మొదటి పని గురించి, అంటే తయారుచేసినవారు కోరినట్టే యంత్రం నడిచేలా చూడటం గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. పరీక్షల్లో నెగ్గిందని మోడల్‌ను పూర్తిగా నమ్మలేం. శిక్షణలో ఉన్నానని భావించినప్పుడు ఒకలా, లేనని భావించినప్పుడు మరోలా ఒక పెద్ద మోడల్ ప్రవర్తించగలదని 2024 డిసెంబరులో దాన్ని తయారుచేసిన ఆంత్రోపిక్ పరిశోధకులే, మరో పరిశోధన సంస్థతో కలిసి ప్రయోగంలో చూపారు. మీ అర్హత వ్యవస్థ అంత పెద్ద మోడల్ కాకపోవచ్చు. అయినా అమలు మొదలైన తర్వాత కూడా తనిఖీ కొనసాగాలన్న సూత్రం దానికీ వర్తిస్తుంది.

"చివరి నిర్ణయం అధికారిదే, యంత్రం సూచిస్తుంది అంతే" అని మీకు చెప్పే ఉంటారు. ఈ మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే తల్లిదండ్రుల్లో మోసం చేసేవారిని పట్టుకోవడానికి పన్నుల శాఖ ఒక అల్గారిదమ్ వాడింది. అది డచ్ పౌరసత్వం లేకపోవడాన్ని కూడా ప్రమాద సూచికగా లెక్కించింది. ఎక్కువ మార్కు వచ్చిన ఫైలు పరిశీలన కోసం ఉద్యోగి దగ్గరికే వెళ్లేది. కానీ ఆ మార్కు ఎందుకు వచ్చిందో ఆ ఉద్యోగికి చెప్పేవారు కాదు. వేలాది కుటుంబాలు చేయని మోసానికి అప్పుల్లో కూరుకుపోయాయి, చివరకు 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. కారణం కనిపించని, కాదనడానికి సమయం లేని, కాదంటే సంజాయిషీ చెప్పుకోవలసిన అధికారి సంతకం రక్షణ కాదు. రేపు మీరే ఆ కుర్చీలో కూర్చోవచ్చు కనుక ఈ విషయాన్ని మీ కోసం కూడా అడగండి.

ఇంత చెప్పి, యంత్రాలు వద్దని నేను అనడం లేదు. పాత పద్ధతిలో దళారీకి ముట్టచెప్పనిదే దరఖాస్తు కదలని చోట్లు నేను చూశాను. పాత పద్ధతి కూడా ప్రజాప్రయోజనం కాదు. రికార్డులను జోడించే అదే సాధనాన్ని తిప్పి వాడవచ్చు. భర్త మరణం నమోదై, వితంతు పింఛను లేని ఆడవాళ్లు ఎవరు? అరవై దాటి ఏ జాబితాలోనూ లేనివారు ఎవరు? ఈ లక్ష్యంతో నడిపితే యంత్రం పొరబడినా నష్టం ఒక ఉద్యోగి ఆ ఇంటికి వెళ్లి రావడమే. మీ శాఖలో మీ మాట చెల్లేటట్లయితే, తొలగింపులకు ముందు ఏడాదిపాటు ఈ పనికే వ్యవస్థను వాడమని అడగండి.

తనిఖీ ఎలా అన్నారు. దీనికి కొత్త పద్ధతి కోసం విదేశాల వైపు చూడనక్కర్లేదు. ఉపాధి హామీ చట్టం 2005లోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారం ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని నిజంగా నడిపి చూపింది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తీసుకుని ఇంటింటికీ తిరిగి, "ఇన్ని రోజులు పని చేసినట్టు రాశారు, చేశావా అమ్మా?" అని అడిగి, తేలినదాన్ని మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదివేవారు. మీ వ్యవస్థకు కూడా అదే వర్తిస్తుంది. తొలగించబోయే పేర్ల జాబితా, ప్రతి పేరు పక్కన కారణం తెలుగులో, గ్రామ లేదా వార్డు సచివాలయం గోడమీద ముందే పెట్టాలి. "ఏపీ ఫలానా నంబరు కారు మీ పేరున ఉంది" అని రాస్తే, ఆ కారు తనది కాదని చెప్పడానికి ఎవరికీ కంప్యూటరు చదువు అక్కర్లేదు. పేర్లు బహిరంగంగా పెట్టడం కొందరికి అవమానం కలిగిస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అలాంటి పథకాల్లో కారణాన్ని ఇంటికే నోటీసుగా పంపి, గోడమీద సంఖ్యలు మాత్రం పెట్టవచ్చు.

చట్టం మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పూర్తిగా యంత్రమే తీసుకున్న నిర్ణయానికి లోబడకుండా ఉండే హక్కును ఐరోపా వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం (జీడీపీఆర్) లోని 22వ అధికరణం 2018 నుంచి ఇస్తోంది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో అలాంటి నిబంధన లేదు. కాబట్టి రక్షణ అంతా ఒప్పందంలోనే రాయించుకోవాలి. నోటీసు లేకుండా, గడువు ఇవ్వకుండా ఏ లబ్ధీ ఆగకూడదని, అభ్యంతరం తేలేవరకు పాత లబ్ధి కొనసాగాలని, రుజువు భారం శాఖదే కావాలని, రెండు రకాల తప్పుల శాతాలనూ మండలాలవారీగా, స్త్రీ పురుషులవారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలని, హద్దు అంకెను శాఖ రాతపూర్వక ఆమోదం లేకుండా మార్చకూడదని రాయించండి. కంపెనీకి చెల్లింపు తొలగించిన పేర్ల సంఖ్యతోనో ఆదా అయిన సొమ్ముతోనో ముడిపడి ఉంటే ఆ నిబంధనను తప్పకుండా తీయించండి. మిగతావన్నీ సరిగా ఉన్నా ఆ ఒక్క నిబంధన వ్యవస్థను కోతల వైపే లాగుతుంది.

మీ వ్యవస్థ ఏయే శాఖల రికార్డులను కలపబోతోందో, పేర్ల పోలిక తెలుగు లిపిలో జరుగుతుందా ఇంగ్లిషు స్పెల్లింగుల మీద జరుగుతుందా అన్నది కంపెనీని అడిగి రాయండి. అది తెలిస్తే, అమలుకు ముందు ఒకటి రెండు గ్రామాల్లో ఎలాంటి పేర్లను, ఎలాంటి ఇళ్లను ఎంచుకుని పరీక్షించాలో విడిగా చెప్పగలను.